ఇవ్వని రక్తానికి వచ్చిన జవాబు

కాశీబుగ్గ బస్టాండు వెనక సందులో, ఎరువుల కొట్టు మీది మేడగదిలో నాలుగు కంప్యూటర్లు, ఒక నల్లబల్ల, కరెంటు పోయినప్పుడు విసురుకోవడానికి అట్టముక్కలు. అదీ సూర్యారావు గారి కంప్యూటర్ సెంటరు వైభోగం. అందులో పిల్లలకి జావా నేర్పే మనిషి నీలవేణి. జలంత్రకోట అవతల ఒక చిన్న ఊరు వాళ్లది. రోజూ పొద్దున్నే ఆటోలో సోంపేట, అక్కణ్నుంచి బస్సులో కాశీబుగ్గ. డిగ్రీ అయిన ఏడాదే, అంటే రెండువేల రెండులో, ఆ సెంటర్లో చేరింది. పాఠం చెప్పడంలో దిట్ట. పుస్తకంలో ఉన్న ముక్కని ఉన్నట్టు వల్లించే రకం కాదు.

"మెథడ్ అంటే ఏటో అనుకుని బెదిరిపోకండర్రా," అనేది. "జీడిపప్పు ఫ్యాక్టరీలో ఒక గది అనుకోండి. ఆ గదిలోకి మీరు పిక్కలు పంపినారు. లోపల కొట్టినారు, పప్పు తీసినారు. ఆ పప్పు గుమ్మం దాటి మీ సేతికి రావాలా వద్దా? రాకపోతే లోపల ఎంత కొడితే మీకేటి? ఆ పప్పుని గుమ్మం దాటించే మాటే రిటర్న్."

పలాసలో పుట్టి పెరిగిన పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి? చటుక్కున ఎక్కేది. ఒకరోజు అమ్ములు అనే పిల్ల లేచింది. వాళ్లమ్మ పిక్కలు కొట్టే పనికి పోతుంది, జీడి తగిలి ఆవిడ వేళ్లు నల్లగా మాడిపోయి ఉంటాయి. "మరి అంత తిప్పలెందుకు మేడం? గదులన్నిటికీ కలిపి మధ్యన ఒక గంప పెట్టీత్తే పోద్ది కదా. కొట్టినోల్లు అందులో పోసీత్తారు, కావలసినోల్లు తీసుకుంటారు."

"పెట్టొచ్చే. జావాలో దానికీ దారుంది, సులువు కూడాను. కానీ ఒకరోజు పిక్కలు రానేదనుకో. గంపలో ఎవులూ ఏటీ పొయ్యనేదు. ముందు వచ్చిన బస్తా తాలూకు పప్పు అడుగున ఉండిపోనాది. నువ్వెళ్లి సెయ్యి పెట్టి, నీదే అనుకుని పట్టుకుపోతావు. ఎవలి పప్పో ఎవలికో పోద్ది. అందుకే ఎవలిది ఆల్ల సేతికే ఇప్పించాలి. గంప పెట్టకండి."

ఈ గంప మాట కాస్త మనసులో ఉంచుకోండి. ఇంత చక్కగా చెప్పిన మనిషే, రెండేళ్లు తిరక్కుండా తనే గంప పెట్టింది.

నీలవేణి తల్లి ధనమ్మ తుఫాను ఏడు పోయింది. తొంభైతొమ్మిదిలో కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయే, ఆ ఏడు. పాదాలు పొంగాయి, తిండి సయించలేదు, ఒళ్లంతా దురద. ఊళ్లో వైద్యం చేసే ఆరెంపీ సూదులిచ్చాడు, మాత్రలిచ్చాడు. విశాఖపట్నం తీసుకెళ్లేసరికి పెద్ద డాక్టరు కాగితం చూసి, "రెండు కిడ్నీలూ అయిపోయాయి. ముందే తెలిసుంటే కొన్నేళ్లు నిలబెట్టేవాళ్లం," అన్నాడు. ముందే తెలియడానికి ఎవరు చెప్పారు గనక? పదమూడు రోజుల్లో అయిపోయింది. ఉద్దానంలో, అంటే ఈ కొబ్బరితోటల ఊళ్లలో, ఇది ఒక ఇంటి కథ కాదు. వీధికి నలుగురున్నారు. అయినా ఎవరి తల్లి వాళ్లకే తల్లి. ఆ "ముందే తెలిసుంటే" అన్న మాట నీలవేణి చెవిలో ముల్లులా ఉండిపోయింది. మిగిలింది నాన్న అసిరయ్య ఒక్కడే. ఆయన నంబరు ముందే తెలుసుకోవాలి. ఆ పిల్లకి ఉన్న కోరికల్లా అదొక్కటే.

నంబరంటే రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో చెప్పే అంకె. ఒకటి లోపుంటే కిడ్నీలు బాగున్నట్టు. రెండు, మూడు అంటే జాగ్రత్త పడాలి, నొప్పి మాత్రలు మానాలి, ఆస్పత్రికి పోవాలి. ఎనిమిది, తొమ్మిది అంటే ఇక చెప్పడానికేమీ లేదు.

రెండువేల ఒకటిలో ఊళ్లోకి జీపులు వచ్చాయి. తెల్లకోట్లవాళ్లు బడి వరండాలో బల్లలు వేసి అందరి దగ్గరా రక్తం తీసుకున్నారు. నెల్లాళ్లలో చెబుతామన్నారు. అతీగతీ లేదు. రెండువేల మూడులో ఇంకెవరో వచ్చారు, వాళ్లూ తీసుకున్నారు, నీళ్లు కూడా సీసాల్లో పట్టుకెళ్లారు. వాళ్లూ అంతే. ఆ రక్తం ఏ ఊరు పోయిందో, ఎవరి పుస్తకంలో అచ్చయిందో దేవుడికెరుక. ఇచ్చినవాడికి మాత్రం ఒక ముక్క చెప్పిన పుణ్యాత్ముడు లేడు. పెద్ద చదువులు చదివినవాళ్లు కదా, చేతులు దులుపుకోవడం బాగా తెలుసు. అసిరయ్య రెండుసార్లూ వరసలో నిలబడి ఇచ్చాడు. రెండుసార్లూ జీపు వచ్చిన దారి వైపు కొన్నాళ్లు చూశాడు.

"మన రగతం ఆల్లకి పనికొచ్చినట్టుంది. మనకే పనికి రానేదు," అనేవాడు.

రెండువేల నాలుగు వేసవిలో మూడోసారి వచ్చారు. ఈసారి ఒక స్వచ్ఛంద సంస్థ. దాని పేరు ఇక్కడ అనవసరం. ఆ సంస్థ మనిషి సెంటరుకొచ్చి, "ఈసారి అందరికీ చీటీలు ఇచ్చి తీరతాం. ఆరువందల నలభైమంది. పేరు, నంబరు, బాగుందో లేదో అచ్చువేసి ఇవ్వాలి, చేసిపెడతారా?" అని సూర్యారావు గారిని అడిగాడు. నీలవేణి అడగకుండానే లేచింది. "నేను చేస్తానండి." తన ఊరు, తన నాన్న, తన చేత్తో చీటీ. ఇంతకంటే ఏం కావాలి?

ఇంటికెళ్లి నాన్న వెంటపడింది. "ఈసారి కాయితం వత్తాది నాన్నా. నేనే రాత్తాను. నామీద ఒట్టు, ఎల్లి ఇయ్యి."

"ఇత్తానే, ఇత్తాను. నీ మాట కాదంటానా?" అన్నాడు అసిరయ్య.

అన్నట్టే వెళ్లాడు కూడా. శిబిరం రోజు పొద్దున్నే పేరు రాయించుకున్నాడు. వరస చూస్తే చింతచెట్టు దాకా ఉంది. ఇంతలో సోంపేట షావుకారు కాయలు దింపే మనుషుల్ని తీసుకుని తమ కొబ్బరితోటకొచ్చేశాడని కబురు. దగ్గర లేకపోతే లేతకాయలు కూడా దింపేస్తారు. అసిరయ్య ఒకసారి వరస వైపు చూశాడు, ఒకసారి తోట వైపు చూశాడు. రెండుసార్లు ఇచ్చిన రక్తం గుర్తొచ్చింది. కండువా దులుపుకుని తోటకెళ్లిపోయాడు. సాయంత్రం కూతురు అడిగితే, "ఇచ్చీసినాను," అన్నాడు. పిల్ల మనసు కష్టపెట్టడం ఇష్టంలేక ఆడిన అబద్ధం అది. అంతకు మించి అందులో ఏ పాపమూ లేదు.

ఇక నీలవేణి సంగతి. నంబర్ల జాబితా నగరంలోని లాబు నుంచి ఒక శుక్రవారం వచ్చింది. ఆదివారం ఊళ్లో మీటింగు, చీటీలు అప్పటికి కావాలి. కరెంటు గంటుంటే రెండు గంటలు లేదు. తల ప్రాణం తోకకొచ్చింది పిల్లకి. ఆ ప్రోగ్రాంలో రెండు మెథడ్లు. ఒకటి జాబితాలోంచి ఒక్కో మనిషి నంబరు చదివేది, రెండోది చీటీ అచ్చువేసేది. మొదటిది నంబరు చదివి రెండోదాని చేతికి ఇవ్వాలి. క్లాసులో రోజూ చెప్పేది అదే. కానీ తొందరలో ఏం చేసిందంటే, పైన ఉమ్మడిగా ఒక చోటు పెట్టేసింది. మొదటిది చదివి అందులో వేస్తుంది, రెండోది అందులోంచి తీసి అచ్చువేస్తుంది. తర్వాత సరిచేద్దాంలే అనుకుంది. నలుగురి పేర్లతో పరీక్షించి చూసింది. నలుగురికీ సరిగ్గానే వచ్చింది.

పేరు రాయించుకుని రక్తం ఇవ్వకుండా వెళ్లిపోయినవాళ్లు ఉంటారని ఆమెకి తోచలేదు. అలాంటివాళ్ల వరసలో నంబరు ఉండదు, ఖాళీగా ఉంటుంది. ఖాళీ కనిపిస్తే మొదటి మెథడ్ ఏమీ వేయకుండా ముందుకు పోతుంది. రెండోది మాత్రం ఊరుకోదు. ఉమ్మడి చోట్లో చెయ్యిపెట్టి, ముందు మనిషి నంబరు తీసి, వెనక మనిషి పేరు మీద అచ్చు కొడుతుంది. ఒక్కో చీటీ చదివి చూసుకునే తీరిక ఎవరికుంది? ఆరువందల నలభై చీటీలూ గడగడా అచ్చయిపోయాయి. నాన్న చీటీ ఒక్కటే తీసి చూసుకుంది. అసిరయ్య, సున్నా పాయింటు తొమ్మిది, బాగుంది. అచ్చు మిషను పక్కనే నిలబడి ఏడ్చేసింది ఆ పిల్ల. అయిదేళ్ల తర్వాత వచ్చిన సంతోషం మరి.

ఆదివారం ఇంటికెళ్లి ఆ చీటీ నాన్న చేతిలో పెట్టింది. అసిరయ్య చీటీ తిప్పి చూశాడు, కూతురి ముఖం చూశాడు. "ఇది నాదేనా?" అన్నాడు.

"నీదే నాన్నా. పేరు సూడు. బాగుందని రాసినారు."

ఆయన ఏమనుకోవాలి? ఈ శిబిరంలో రక్తం ఇవ్వలేదు. ఆ మాట కూతురితో అనలేడు. కానీ చీటీ వచ్చింది, అచ్చులో వచ్చింది, చదువుకున్న కూతురు తెచ్చింది. ఆలోచించి ఆలోచించి ఆయనకి తట్టింది ఒకటే. ముందు రెండుసార్లు ఇచ్చాను కదా, ఆ రక్తానికి జవాబు ఇన్నాళ్లకి వచ్చింది. అన్నీ ఆ కంప్యూటర్లలోనే దాస్తారంటారు కదా. నవ్వకండి. రెండుసార్లు ఇచ్చి జవాబు రాని మనిషికి, ఎప్పటికైనా వస్తుందన్న ఆశ ఎక్కడో ఉంటుంది. ఆ ఆశే ఆయన్ని నమ్మించింది. చీటీ మడతపెట్టి, ధనమ్మ ఫోటో వెనక దోపాడు. ఆ రోజు సోంపేట నుంచి మాంసం తెచ్చి తనే వండాడు.

బాగున్నాయనుకున్నాక ఇక భయమెందుకు? మోకాళ్ల నొప్పులకి ఆరెంపీ ఇచ్చే మాత్రలు పూటకొకటి వేసుకుంటూ తోటపని చేసుకున్నాడు. కాళ్లు కాస్త పొంగితే, "బురదలో తిరుగుతన్నాను కదేటి," అన్నాడు. అన్నం తగ్గితే, "వయసు," అన్నాడు. నీలవేణికి ఒకటి రెండుసార్లు అనుమానం వచ్చింది. వెంటనే ఫోటో వెనకున్న చీటీ గుర్తొచ్చేది. సున్నా పాయింటు తొమ్మిది. మనసు కుదుటపడేది.

పద్నాలుగు నెలలు అలా గడిచాయి. రెండువేల అయిదు ఆగస్టులో అసిరయ్య కొబ్బరితోటలో కూలబడిపోయాడు. వాంతులు ఆగలేదు. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో రక్తం తీశారు. తొమ్మిది పాయింటు నాలుగు.

"పోయినేడు సున్నా పాయింటు తొమ్మిదండీ," అంది నీలవేణి. "చీటీ ఉందండీ."

డాక్టరు కళ్లజోడు తీశాడు. "స్కానింగులో కిడ్నీలు ముడుచుకుపోయి ఉన్నాయమ్మా. ఇది ఏడాదిలో అయింది కాదు. పోయినేడే మూడో నాలుగో ఉండి ఉండాలి. ఆ చీటీ నిజంగా ఈయనదేనా? అప్పుడే తెలిసి మాత్రలు మానేసి ఉంటే..." ఆ పై మాట ఆమెకి కంఠతా వచ్చు. ఆరేళ్ల కిందట విన్నదే.

మంచం పక్కన కూర్చుంటే అసిరయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా నీలూ, తిట్టకే. పోయినేడు ఆ శిబిరంలో నేను రగతం ఇయ్యనేదు. కాయ దింపుకి ఎల్లిపోనాను. నీకు అబద్ధం సెప్పినాను."

"మరి కాయితం?" అంది.

"ముందు ఇచ్చినాను కదా రెండుసార్లు. ఆ రగతానికి జవాబొచ్చినాదనుకున్నాను. పాతది కదా, అప్పుడు బాగున్నట్టుంది, తరవాత పాడయినట్టుంది. తప్పు నాదేనే. నువ్వు నెత్తీనోరూ కొట్టుకుని సెప్పినావు, నేనే ఇన్నేదు."

నీలవేణికి అంతా తెలిసిపోయింది. ఖాళీ వరస. ఉమ్మడి చోటు. గంప అడుగున మిగిలిన పప్పు. ఆ నంబరు నీది కాదు నాన్నా, నీ ముందు మనిషిది, నేనే నీ చేతిలో పెట్టాను అని చెప్పాలి. నోరు తెరిచింది. మాట రాలేదు. తప్పు తనదేనని నమ్మి ఆ మనిషి కూతుర్ని ఓదారుస్తున్నాడు. ఆమె ఓదార్పు పుచ్చుకుంది.

వారానికి రెండుసార్లు పలాసలో రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్లి రక్తం శుద్ధి చేయించడం మొదలుపెట్టారు. మధ్యలో ఒకరోజు నీలవేణి సెంటరుకెళ్లి, పాత జాబితా తీసి ఖాళీ వరసలు వెతికింది. పదకొండు. నాన్నతో కలిపి పదకొండుమంది వేరేవాళ్ల నంబరు పట్టుకుని ఏడాదిగా తిరుగుతున్నారు. అందులో తొమ్మిదిమందికి "బాగుంది" అని అచ్చయింది. సూర్యారావు గారికి చెబితే ఆయన తలుపు దగ్గరికి వేశాడు. "ఇప్పుడు కెలకడం ఎందుకమ్మా? ఎవులికీ తెలీదు. సెంటరు మూసుకోవాలి మనం." పెద్దమనిషి బుద్ధి అక్కడికే పోయింది. నీలవేణి పేర్లు కాగితం మీద రాసుకుని మెట్లు దిగింది.

ఇంట్లో అసిరయ్యతో సగం మాటే చెప్పింది. "కొంతమంది సీటీలు తప్పు పడ్డాయి నాన్నా. ఎల్లి సెప్పాలి."

"మరి నా దగ్గర కూకున్నావేటే? ఎల్లు. బేగి ఎల్లు. ఆల్లకయినా ముందు తెలియాల," అన్నాడాయన.

ఆటోలెక్కి, నడిచి, పది ఇళ్లు తిరిగింది. ప్రతి గుమ్మంలోనూ అదే మాట, నేనే తప్పు రాశాను, మళ్లీ పరీక్ష చేయించుకోండి. కొందరు తిట్టారు. ఒకాయన చీటీ చించి ముఖాన కొట్టాడు. ఒకావిడ మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది, అది తిట్టుకంటే కష్టంగా ఉంది. ఇద్దరు పరీక్షకెళితే ఒకరికి మూడు దాటింది. ఆ ఒకరికైనా సమయానికి తెలిసింది.

ఎనిమిదో ఇల్లు సింహాచలమ్మది. మొగుడు కూర్మారావు పేరు మీద చీటీ. గుమ్మంలోకి వెళ్లేసరికి నీలవేణి కాళ్లు ఆగిపోయాయి. ఆవిడ నుదుట బొట్టు లేదు.

"మాగమాసంలో పోనాడమ్మా," అంది సింహాచలమ్మ. "కాళ్లు పొంగినాయి. ఆస్పత్రికి పోదామంటే, కాయితంలో బాగుందని రాసినారు కదా, డబ్బులు తగలేత్తావేటి అన్నాడు." లోపలికెళ్లి దేవుడి పటం వెనక నుంచి చీటీ తెచ్చింది. పసుపు బొట్టు పెట్టి దాచుకుంది దాన్ని. సున్నా పాయింటు ఎనిమిది.

నీలవేణి ఆవిడ కాళ్ల దగ్గర కూలబడింది. "అది మావయ్యది కాదత్తా. ఆయన నంబరు మా దగ్గర నేదు. జాబితాలో ముందున్న మనిషిది పడిపోనాది. నేనే తప్పు సేసినాను."

సింహాచలమ్మ చీటీ మీది పసుపు బొట్టు వేలితో తడిమింది. ఏడుస్తుందేమో, జుట్టు పట్టుకుంటుందేమో అని చూసింది నీలవేణి. ఏదో ఒకటి చేస్తే బాగుండుననుకుంది.

"ఆ ముందు మనిషి బతికున్నాడా?" అంది చివరికి.

"ఉన్నాడత్తా."

"అయితే ఇది ఆల్లకే ఇచ్చీ. మాది కానిది మా దేవుడి కాడ ఎందుకు?" చీటీ ఆమె ఒళ్లో పడేసి లోపలికెళ్లి తలుపేసుకుంది.

ఆ పసుపు బొట్టు చీటీ పట్టుకుని, మిగతా రెండిళ్లూ తిరిగి, దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చింది. అసిరయ్య వసారాలో మంచం మీద ఉన్నాడు. ముఖం ఉబ్బి, గుర్తుపట్టలేనట్టు ఉన్నాడు.

"ఎంతమందన్నావు?"

"పదకొండు."

"అందరికీ సెప్పీసినావా?"

"పదిమందికి సెప్పినాను."

"మరి పదకొండోవోడు ఇంటికాడ నేడా?"

నీలవేణి మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. ఇంక దాచడం తన వల్ల కాలేదు. "నువ్వే నాన్నా. ఆ పదకొండోవోడివి నువ్వే. నువ్వు రగతం ఇయ్యకపోయినా కాయితం వచ్చినాదంటే తప్పు నాది. ఖాళీ అని రావాల్సింది. వచ్చుంటే అప్పుడే నిన్ను లాక్కుపోయి ఇప్పించుదును. నీ ముందు వరసలో ఉన్న పాండు మావయ్య నంబరు నీ పేరు మీద కొట్టీసినాను. తొందరపడి నేనే సేసినాను నాన్నా. ఆస్పత్రిలో సెప్పలేకపోనాను."

అసిరయ్య కూతురి తలమీద చెయ్యి వేసి నిమిరాడు. కోపం లేదు ఆ చేతిలో. ఆ చెయ్యి మాత్రం కాసేపటికి కదలడం మానేసింది. ఫోటో ఉన్న గోడ వైపు చూస్తున్నాడు, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు.

"అంటే అమ్మా," అన్నాడు నెమ్మదిగా, "ముందు నేనిచ్చిన రెండుసార్లకీ... జవాబు రానేనేదన్నమాట."

"నేదు నాన్నా."

"నేను వచ్చినాదనుకున్నానే," అన్నాడు. ఆ తర్వాత ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ గురువారం రక్తం శుద్ధికి రైలెక్కనని చెప్పేశాడు. కూతురు కాళ్లు పట్టుకున్నా, ఊరు ఊరంతా వచ్చి చెప్పినా, ఇంకోసారి ఎవరికీ రక్తం ఇవ్వలేదు.